వెండి తీగ, మా అన్న కుడి చెవి

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి చీరల కొట్టాయన ఒకరు ఆదోనిలోని మా రిపేరు షాపుకు వచ్చి, చేతిసంచిలోంచి ఒక తువ్వాల మూట తీసి, ఎంతో జాగ్రత్తగా నా బల్ల మీద పెట్టారు. మూట విప్పితే లోపల హెడ్‌ఫోన్ కేబుల్ ఒకటి, ప్లగ్గు దగ్గర తెగి ఉంది. తెగిన చోట తీగ నల్లబడి కనిపించింది. రాగి అయితే పచ్చగా చిలుము పడుతుంది. ఇలా కాలిపట్టీల మాదిరి, కుంకుమభరిణెల మాదిరి నల్లబడేది వెండి ఒక్కటే. పన్నెండేళ్ల కిందట నా చేతులతో నేనే మెలిపెట్టి, పైన గుడ్డ తొడుగు తొడిగి ఆయనకు అమ్మిన కేబుల్ అది.

అతికించి ఇమ్మన్నారు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేదాకా కూర్చోమని స్టూలు చూపించాను. ఆయన కూర్చుని, తన బావమరిది ఈ మధ్య రిటైరై పాటల పిచ్చిలో పడ్డాడని, ఫోనులో చూసి వెండి తీగలూ, బంగారం కలిపిన తీగలూ, హెడ్‌ఫోన్ ధరకు రెట్టింపు పలికేవి తెప్పించుకోవాలని ఉబలాటపడుతున్నాడని, కొనవచ్చునో లేదో నన్నే అడిగి చెప్తానని మాటిచ్చి వచ్చానని చెప్పారు.

“ఉన్నమాట సెప్తాన్నా, ఈ పన్నెండేండ్లలో నాకైతే తేడా ఏమీ తెలీల్యా. నా చెవులే మొద్దులేమో అనుకున్యా. మీ అన్న ఇని బాగుందన్నాడు గదా, ఆయప్ప చెవికి తిరుగేముందని కొంటి. అవునూ, ఆయప్పకు ఇప్పుడు ఒకపక్క ఏమీ వినపడదంట గదా? టయానికి డాక్టరుకు సూపిచ్చుకోలేదంట. అంత తెలిసినోడు అంత అజాగర్త ఎట్ల జేసినాడప్పా?”

నేను తల ఎత్తలేదు. తీగ అతికించి ఇచ్చాను, ఆయన బలవంతం చేసినా కూలి తీసుకోలేదు, ఎందుకు తీసుకోలేదో ఆయనకు అర్థమూ కాలేదు. ఆయన పోయిన తర్వాత షట్టరు సగానికి దించాను. ఆయన అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకటి తీగ గురించి, ఒకటి మా అన్న గురించి. రెండింటికీ సరైన జవాబు తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే, ఇన్నేళ్లుగా తప్పు జవాబు ఊరంతా తిరుగుతుంటే నోరు మూసుకుని ఉన్నదీ నేనే. ఒక టేప్‌రికార్డరు కొనడానికి ఏడాది పొడుగునా కూడబెట్టిన మన ఈడువాళ్లకైతే, శబ్దం కోసం మనిషి ఎంత దూరం పోతాడో తెలుసు కాబట్టి, మీకు చెప్పుకుంటున్నాను.

మాది హొళగుంద పక్కన ఒక మెట్ట పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, రెండు భాషల పాటలూ మా చెవుల్లో కలిసే పెరిగాయి. అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నాకు మీసాలు వచ్చేనాటికే ఆయన ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. పత్తి రాని ఎండాకాలం నెలల్లో మిల్లు పని పలచబడేది, అప్పుడు ఇద్దరం కలిసి ఒక పాత మైకు సెట్టు కొని పెళ్లిళ్లకూ జాతరలకూ బాడుగకు తిప్పేవాళ్లం. చిప్పగిరి దాకా, తుగ్గలి దాకా బస్సు టాపు మీద పెట్టెలు కట్టుకుని పోయేవాళ్లం. నేను ఆంప్లిఫయరు దగ్గర కూర్చుంటే, అన్న ఊరు దాటి శనగ చేలల్లోకి నడిచిపోయి, అక్కడ నిలబడి విని, చేయి ఎత్తితే పెంచమని, దించితే తగ్గించమని, అడ్డంగా ఊపితే హారను మూతి తిప్పమని సైగ చేసేవాడు. ఎండలో చుక్కంత కనిపించే ఆ మనిషి చేతిని బట్టి నేను మీట తిప్పేవాణ్ణి. ఈ అన్నదమ్ముల సెట్టయితే పాటలో పదాలు తెలుస్తాయని పెళ్లిపెద్దలు అనుకునేవాళ్లు. ఆ పదాలు తెలిసేది నా సెట్టు వల్ల కాదు, ఆయన చెవి వల్ల.

మిల్లులోనూ ఆయనకు అన్నం పెట్టింది ఆ చెవే. తిరుగుతున్న మిషను మీద పొడుగు స్క్రూడ్రైవరు మొన ఆనించి, దాని పిడిని కుడి చెవి పక్క ఎముకకు ఆనించి, కళ్లు మూసుకుని, ఈ బేరింగు వారం నడుస్తుంది, ఆ బేరింగు రేపు పొద్దుటికి పట్టేస్తుంది అని చెప్పేవాడు. చెప్పినట్టే అయ్యేది. ఇతర మిల్లులవాళ్లు కూడా సైకిలు పంపి పిలిపించుకునేవాళ్లు.

నేను రేడియోల రిపేరు నేర్చుకుని షాపు పెట్టుకున్నాను. రేడియోలూ టేపులూ డెక్కులూ ఉన్నంతకాలం బాగానే గడిచింది. ఫోన్లు వచ్చి అన్నిటినీ మింగేసిన తర్వాత, రోజుకు ఒక్క గిరాకీ వస్తే గొప్ప అనుకునే కాలం వచ్చింది. పక్కన ఫోన్ కవర్లు అమ్మే షాపులో నిలబడటానికి చోటుండేది కాదు, నా షాపులో బల్ల మీద దుమ్ము తుడవడమే పని. అప్పుడే నేను హెడ్‌ఫోన్ల మోజులో పడ్డాను. పాత డెక్కుల సామాను ఊడదీసి హెడ్‌ఫోన్ల కోసం ఒక ఆంప్లిఫయరు కట్టాను. అన్న ప్రతి ఆదివారం పొద్దున పదిగంటలకు వచ్చి, టీ తాగి, ఆ హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక గంట వినేవాడు. రెండు చెవుల్లోనూ సమంగా వస్తే పాడేవాడు వచ్చి సరిగ్గా నడినెత్తిన నిలబడతాడని ఆయన అనేవాడు. అట్లా నిలబడితేనే సెట్టు సరిగ్గా ఉన్నట్టు ఆయన లెక్క.

వెండి తీగ సంగతి నేను ఇంటర్నెట్‌లో చదివాను. రాగి కంటే వెండి బాగా కరెంటు పారనిస్తుందన్నది నిజమే. దాన్ని పట్టుకుని దేశదేశాలవాళ్లు రాసిన పొగడ్తలు చదివి చదివి, ఈ ఊళ్లో నేనే చేసి అమ్మితే షాపు మళ్లీ నిలబడుతుందని ఆశపడ్డాను. పత్తి యార్డులో దండిగా సంపాదించి, ఖరీదైన హెడ్‌ఫోన్లు కొనుక్కుని పాటలు వినే కమీషన్ వ్యాపారులు నలుగురు నాకు తెలుసు. వాళ్లకు చెప్తే నవ్వారు. వాళ్లలో పెద్దాయన మాత్రం ఒక మాట అన్నాడు.

“నీ మాట కాదప్పా మాకు గావల్సింది. మీ అన్న ఇని తేడా ఉందని అననీ, తలా ఒకటి తీస్కుంటాం.”

ఆ మాట విన్న వారం రోజులకే, ఒక ఆదివారం, అన్న హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు తెరిచాడు. కుడిపక్క సౌండు దూరంగా పోయిందన్నాడు. శుక్రవారం పొద్దున లేచినప్పటి నుంచి ఆ చెవి మూసుకుపోయినట్టుందనీ, లోపల ఈల వేస్తున్నట్టుందనీ కూడా అన్నాడు. నేను ప్లగ్గు ఊడదీసి చూశాను, వేరే రాగి కేబుల్ మార్చి చూశాను, అదే మాట.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. హెడ్‌ఫోన్‌లో ఒకపక్క రావడం లేదని ఎవరు వచ్చినా రిపేరువాడు చేసే మొదటి పని, దాన్ని తిప్పి పెట్టుకోమనడం. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. లోపం అటు మారితే తీగలో ఉన్నట్టు. మారకుండా ఆ చెవి దగ్గరే ఉంటే అది చెవిలో ఉన్నట్టు. అర నిమిషం పని. కొన్ని వందల మందికి నేనే చెప్పి ఉంటాను. ఆరోజు మా అన్నకు చెప్పలేదు. నా మనసు నిండా వెండి ఉంది. రాగి అలిసిపోయిందన్నా, వెండి వేస్తే తేటగా వస్తుంది అన్నాను. నామీద ఆయనకున్న నమ్మకం ఎంతంటే, అక్కడే చొక్కా పైకి లాగి, నడుముకున్న వెండి మొలతాడు విప్పి నా బల్ల మీద పెట్టాడు.

“నాయన సేపించింది. నడుముకుండి ఏం జేస్తాంది, చెవికన్నా పనికొస్తాది, తీస్కో.”

వెండి పని చేసే ఆచారి ఆ మొలతాడును చేతిలో తూచి, నా మొహం చూసి పడీపడీ నవ్వాడు. మొలతాడు చెవికి కట్టుకునే కాలం వచ్చిందేమప్పా, ఇంగ కడియాలు ముక్కుకు యేలాడదీస్తారా అన్నాడు. నవ్వుతూనే దాన్ని కరిగించి, కడ్డీ పోసి, వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక, వాళ్లు కమ్మచ్చు అంటారు, దానిలోంచి ఒక్కొక్క రంధ్రంలో దూర్చి లాగుతూ, మళ్లీ కాల్చి మెత్తబరిచి మళ్లీ లాగుతూ, శనివారానికి వెంట్రుకలంత సన్నటి తీగ చేసి ఇచ్చాడు. ఆ ఆరు రోజులూ నేను రోజుకు రెండుసార్లు పోయి ఆయన పక్కన కూర్చున్నాను. ఆ ఆరు రోజులు మా అన్న చెవికి ఎంత విలువైనవో నాకు తెలియదు. అప్పటికి నిజంగానే తెలియదు. ఆ చెవి సంగతి తెలిసింది మరుసటి రోజు.

ఆదివారం అన్న వచ్చాడు. వెండి కేబుల్ తగిలించి ఇచ్చాను. ఆయన కళ్లు మూసుకుని విని, నొసలు ముడిచి, లేదురా, ఇంకా అంత దూరంలోనే ఉన్నాడు అన్నాడు. ఆయన మొహంలో దిగులు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నా ఆంప్లిఫయరుకు బాలెన్సు మీట ఒకటి ఉంది. ఎడమ కుడి పక్కల సౌండును హెచ్చుతగ్గులు చేసేది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. నేను ఆ మీటను పన్నెండు గంటల మీదున్న ముల్లును రెండు మీదకు జరిపినంత కుడివైపు తిప్పాను.

“వచ్చినాడ్రా! నడినెత్తిన నిలబడినాడు సూడు!”

ఆయన కళ్లలో నీళ్లు. నా చేయి ఇంకా మీట మీదే ఉంది. కుడిపక్క అంత పెంచితే తప్ప సమానం కావడం లేదంటే లోపం తీగలో లేదు, చెవిలో ఉందని, ఆ క్షణంలో, ఈ చేతి వేళ్లకు తెలిసింది. తెలియదని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకున్నాను కానీ, తెలిసింది.

హెడ్‌ఫోన్ తీసి అన్న నన్ను ఒక మాట అడిగాడు.

“అట్లయితే నా చెవి బాగున్నట్టే గదా? మీ వదిన కర్నూలుకు పోదాం, పెద్ద డాక్టరుకు సూపిద్దాం అని పోరు పెడ్తాంది. పోవల్నా, వద్దా?”

“చెవి బాగుంటేనే గదన్నా ఎండికీ రాగికీ తేడా పట్టుకున్యావు? పత్తి నూగేమన్నా పడింటాది. నాల్గుదినాలుంటే అదే పోతాది.”

ఇదీ నేను చెప్పవలసి ఉన్న మాట. ఊరంతా అనుకుంటున్నట్టు మా అన్న అజాగ్రత్తగా లేడు. ఆయన అడిగాడు. వద్దన్నది నేను. ఆయన దిగులు చూడలేక మీట తిప్పానని చాలాకాలం నన్ను నేను ఓదార్చుకున్నాను. అది సగమే నిజం. గురువారం నాడు ఆ నలుగురు వ్యాపారులు వస్తున్నారు, మా అన్న చెవిలో లోపం ఉందంటే ఆయన మాటకు విలువ ఉండదు, ఆయన మాటకు విలువ లేకపోతే నా తీగకు విలువ లేదు. మిగతా సగం అదీ.

తీగ సంగతి కూడా ఆ మధ్యలోనే తేలిపోయింది. సోమవారం ఇంట్లో నా మీద నాకే అనుమానం వచ్చి, కళ్లకు తువ్వాల కట్టుకుని, కేబుళ్లు మారుస్తూ ఉండమని, ఏది వెండో ఏది రాగో నేను చెప్తానని మా ఇంటామెను కూర్చోబెట్టాను. రెండూ ఒకే రకం తొడుగుతో నేను చేసినవే. మొదట్లో తడబడినా, తర్వాత ఇదిగో ఇది వెండి, పైస్థాయి ఎంత తేటగా ఉందో, ఇదిగో ఇది రాగి, మసక అని గడగడా చెప్పుకుంటూ పోయాను. ఆమె చివరికి తువ్వాల లాగేసింది.

“అయిదుసార్ల నుంచి నేను మార్చనేలేదు. రాగిదే ఉంది, సూడండి. పొయ్యి మీద పప్పు మాడిపోతాంది, నన్నిడ్సిపెట్టండి సామీ.”

ఆమె ప్లగ్గు సరిగ్గా నొక్కి ఉండదని అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు ఎంత బలం కావలసి వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది.

గురువారం వాళ్లు వచ్చారు. ఈ చీరల కొట్టాయన కూడా ఎవరి ద్వారానో తెలిసి ఎమ్మిగనూరు నుంచి వచ్చారు. ముందు అన్న విన్నాడు, మీట రెండు మీదే ఉంది. నడినెత్తిన నిలబడ్డాడని ఆయన చెప్పాడు, అబద్ధమంటే ఏమిటో తెలియని గొంతుతో. తర్వాత వాళ్లు విన్నారు. అప్పుడు మీటను మళ్లీ పన్నెండుకు తెచ్చి, వెండి తగిలించినప్పుడల్లా వాల్యూము ఒక వెంట్రుకవాసి పెంచాను. కొంచెం గట్టిగా వినిపించేది ఎవరికైనా బాగుందనే అనిపిస్తుంది. అయిదు కేబుళ్లకు మాట ఇచ్చి వెళ్లారు. ఇంటికి వెళ్తూ మిఠాయి కొన్నాను.

ఆ తర్వాత అన్న రోజూ మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టగానే షాపుకు రావడం మొదలుపెట్టాడు. వచ్చి, ఒక్క పాట విని, బాగుందిరా అని పోయేవాడు. పాట కోసం వస్తున్నాడనుకున్నాను. ఆయన తన చెవి ఇంకా బాగుందో లేదో చూసుకోవడానికి వచ్చేవాడు. ఇంట్లో ఆ పక్క వినపడటం లేదు, మిల్లులో వినపడటం లేదు, నా షాపులో మాత్రం వినపడుతోంది. కాబట్టి చెవి బాగుంది. రోజూ ఆయన రాకముందు మీటను కుడికి తిప్పి ఉంచేవాణ్ణి. మొదట రెండు దగ్గర, తర్వాత అది చాలలేదు, మూడు దాకా పోయింది, తర్వాత నాలుగు. ఆయన చెవి రోజురోజుకూ పోతూ ఉండటం ఆ మీట మీద నాకు గడియారంలో మాదిరి కనిపిస్తూ ఉంది. చెప్పాలని రోజూ అనుకునేవాణ్ణి. చెప్తే మొదటి రోజు సంగతి కూడా చెప్పాలి. ఒక్కరోజు ఆలస్యమైన నిజం రెండోరోజుకు రెట్టింపు బరువెక్కుతుంది, నేను ఎత్తలేకపోయాను.

అలా పదిరోజులు గడిచాక ఒకరోజు, మిల్లు వాకిట్లో పత్తి దించే చోట ఒక ట్రాక్టరు వెనక్కి వస్తోంది. మా అన్నకు కుడిపక్క నుంచి వస్తోంది. డ్రైవరు హారను కొట్టాడు. ఒక్క చెవే పనిచేసే మనిషికి శబ్దం ఎటు నుంచి వచ్చినా బాగున్న చెవి వైపు నుంచే వచ్చినట్టుంటుందని తర్వాత డాక్టరు చెప్తే తెలిసింది. హారను ఎడమ నుంచి వచ్చిందనుకుని అన్న కుడివైపుకు తప్పుకున్నాడు. ట్రాక్టరు వైపుకే తప్పుకున్నాడు. ఒక హమాలీ చొక్కా పట్టుకుని లాగకపోతే ఆరోజుతో అయిపోయేది. మోచేయి చెక్కుకుపోయింది, అంతే.

సాయంత్రం వదిన షాపుకు వచ్చింది. ఎప్పుడూ గడప లోపలికి రాని మనిషి బల్ల దాకా వచ్చి నిలబడింది.

“ఆయప్పకు నీ మిసనుకాడ తప్ప యాడా వినపడ్దంల్యా అప్పా. పిల్సినా పలకడు. అట్లుంటాదా యాడన్నా? నువ్వు సదువుకున్నోడివి, నువ్వే సెప్పు. ఈపొద్దు నా మొగుడు సచ్చి బతికినాడు.”

మరునాడు కర్నూలు పోయాము. చెవి డాక్టరు ట్యూనింగ్ ఫోర్కు అనే రెండు కొమ్ముల ఇనుప ముక్క మీటి చెవి వెనక ఆనించి, తర్వాత అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, ఎన్ని రోజులైందని అడిగాడు. మూడు వారాలు దాటిందన్నాము. ఉన్నట్టుండి ఒక చెవి ఇలా మూసుకుపోతే అది వెంటనే పరుగెత్తుకు రావలసిన జబ్బనీ, మొదటి వారం, మహా అయితే రెండు వారాల లోపల మందు పడితే చాలామందికి ఎంతో కొంత తిరిగి వస్తుందనీ, ఇప్పుడు కూడా ప్రయత్నిద్దాం కానీ ఆశ పెట్టుకోవద్దనీ చెప్పి, ఇన్నాళ్లు ఎందుకు రాలేదని కొంచెం కోపంగానే అడిగాడు.

“నాదే తప్పు సార్. ఇంట్లో సెప్తానే ఉన్యారు, నేనే ఇన్లేదు.”

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నా పేరు ఆయన నోట రాలేదు. నన్ను కాపాడాలని ఆయన అలా అనలేదు. నా మాట తప్పయి ఉంటుందని ఆయనకు తోచనే లేదు. ఆ క్షణాన ఒక్క వాక్యం చెప్పి ఉంటే డాక్టరు మందు మారేది కాదు, కానీ మా అన్న మనసులో ఆ తప్పు ఇన్నేళ్లు ఉండేది కాదు. నేను డాక్టరు గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆదివారం, వెండి తీగ తగిలించిన ఆదివారం, పదో రోజు. ఇంకా టైముంది ఆరోజుకు. పోయిన చెవి వచ్చేదని నేను అనలేను, డాక్టరూ అనలేదు. వచ్చే వీలు మాత్రం ఉండింది, దాన్ని నేను మీట కింద దాచిపెట్టాను.

తిరిగి వచ్చే బస్సులో అన్న నన్ను కుడిపక్క కూర్చోమన్నాడు. అటునుంచి ఏదైనా మాట్లాడుతూ ఉండు, ఒక్క మాటన్నా అందుతుందేమో చూద్దాం అన్నాడు. కోడుమూరు దాటినప్పటి నుంచి మాట్లాడటం మొదలుపెట్టాను. మొదట చేలూ, వానలూ. ఆయన ఎడమ చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని, ముందుకు చూస్తూ తల అడ్డంగా ఊపుతూ ఉన్నాడు. బస్సు మోతలో నా మాట నాకే సరిగా వినపడటం లేదు. ఎమ్మిగనూరు వచ్చేసరికి నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, బాలెన్సు మీట నేనే తిప్పినానన్నా, నాకు తెలుసన్నా, తెలిసే వద్దన్నానన్నా అని చెప్తున్నాను. మూడుసార్లు చెప్పాను. ఆయన నావైపు తిరిగి, చిన్నగా నవ్వి, ఏమీ అందల్యారా, ఏదో గాలి తగిలినట్టుంది, ఇంగొంచెం గట్టిగా సెప్పు అన్నాడు. నేను గట్టిగా చెప్పలేదు. వానల సంగతికి మళ్లాను.

సూదులు వేయించాము, మాత్రలు మింగించాము. ఆ రెండు నెలలూ నేను ప్రతిరోజూ పొద్దున ఆయన ఇంటికి పోయి, కుడిపక్క నిలబడి, చేతి గడియారం చెవికి ఆనించి, వినపడిందా అని అడిగేవాణ్ణి. ఏ దేవుణ్ణీ వదలకుండా మొక్కుకున్నాను. ఏమీ రాలేదు. బేరింగుల శబ్దం ఎటు నుంచి వస్తోందో చెప్పలేని ఫిట్టరును మిల్లువాళ్లు మిషన్ల దగ్గర ఉంచలేరు కదా. గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చే బండ్ల నంబర్లు రాసుకోమన్నారు. బేరింగు పట్టేసిన ప్రతిసారీ కొత్త ఫిట్టర్లు గేటు దాటి పరుగెత్తుతుంటే, ఆయన కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చునేవాడని వదిన చెప్పేది.

ఇదంతా దాచుకుని పన్నెండేళ్లు బతికాను. మాట ఇచ్చిన అయిదు కేబుళ్లూ చేసి ఇచ్చేసి, ఆరోది చేయలేదు. అంతే నా ప్రాయశ్చిత్తం. చీరల కొట్టాయన వచ్చి పోయిన తర్వాతి ఆదివారం, అన్న ఎప్పటి మాదిరి వచ్చి, ఎడమ చెవి నావైపు ఉండేట్టు కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు, షట్టరు దించి మొత్తం చెప్పాను. మీట, పత్తి నూగు, గురువారం, రోజూ మధ్యాహ్నం, అన్నీ. ఆయన నేల చూస్తూ విన్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడేమోనని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని కోరుకున్నాను. చివరికి తల ఎత్తాడు.

“అయితే ఆ పొద్దు నేనిన్నది ఏంది?”

ఏ పొద్దన్నా అని అడిగాను.

“ఎండి తీగ ఏసిన పొద్దురా. నడినెత్తిన నిలబడినాడు గదా పాడేటోడు. ఆ దినాలే లాస్టు. మల్ల నాకెప్పుడూ అట్ల నిలబడలేదు. ఆ పొద్దును తల్సుకుంటానే ఉంటి ఇన్నేండ్లూ. అది గూడా నువ్వు తిప్పిందేనా?”

కాదని చెప్పాలి. నేను తిప్పింది మీటే, విన్నది నీ చెవేనన్నా, ఆరోజుకు అది ఇంకా బతికే ఉందన్నా అని చెప్పాలి. అదే నిజం కూడా. కానీ ఆ మాట నోటిదాకా వచ్చాక తెలిసింది, ఆయనకు మిగిలిన ఆ ఒక్క పాటను తిరిగి ఇవ్వాలంటే నేను చెప్పవలసింది నా నేరాన్నే అని. బతికి ఉన్న చెవినే నేను ఇంటికి పంపించాను అని. చెప్పాను. ఆయన తల ఊపి, లేచి, షట్టరు తనే ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఎమ్మిగనూరు ఆయనకు ఫోను చేసి రెండు జవాబులూ చెప్పాను. ఆ బావమరిదికే కాదు, చదివే మీకందరికీ అదే జవాబు. ఒకటిన్నర గజం పొడవున్న తీగలో రాగి చేయలేనిది వెండీ చేయదు, బంగారమూ చేయదు. అతుకు గట్టిగా ఉండి, ప్లగ్గు సరిగ్గా ఉంటే చాలు, మామూలు కేబుల్ పాటను మొత్తంగా మోసుకొస్తుంది. తేడా తెలుస్తోందని ఎవరైనా అంటే కళ్లకు తువ్వాల కట్టి ఇంటామెను మార్చమనండి. డబ్బుంటే దాచిపెట్టుకోండి. ఒకపక్క ఉన్నట్టుండి తగ్గినట్టు తోస్తే మాత్రం, హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకుని చూసి, లోపం ఆ చెవి దగ్గరే ఉంటే ఆరోజే బస్సెక్కండి.

రెండు ఆదివారాలు అన్న రాలేదు. నిన్నటి ఆదివారం వచ్చాడు. టీ తాగాడు. కుర్చీని అటుపక్కకు జరుపుకుని, వినపడని కుడి చెవి నావైపు ఉండేట్టు కూర్చున్నాడు, హెడ్‌ఫోన్ అడగలేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన బజారును చూస్తూ కూర్చున్నాడు. ఆ బజారులో ఇప్పుడు ప్రతివాడి చెవిలోనూ ఒక తెల్ల గుండీ ఉంది. తీగే లేదు, వెండి లేదు, రాగి లేదు, ఎవరి పాట వాళ్లది. ఇద్దరు కలిసి ఒక శబ్దాన్ని వినే పనే లోకంలో లేకుండా పోయింది. మైకు సెట్టు మోసుకుని తిరిగిన రోజుల్లో, ఎక్కడో హారనులో చిన్న గరగర పుడితే, అందరూ భోజనాల్లో మునిగి ఉండగా, మేమిద్దరం ఒకేసారి తల ఎత్తి ఒకరినొకరం చూసుకునేవాళ్లం. నిన్న షాపులో పాత రేడియో ఒకటి అలాగే గరగరమన్నది. నేను తల ఎత్తాను. ఆయన బజారునే చూస్తూ ఉన్నాడు.